సొంతమగ్గం – పరాయి పడుగు: యువత స్వయంఉపాధి కథనాలపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం:
చదువు ముగించిన యువత ఉద్యోగానికి ఎదురుచూడక సొంత వ్యాపారం పెట్టుకోవాలన్న మాట నేడు పాఠ్యప్రణాళికల్లో, ప్రభుత్వ పథకాల్లో, చలనచిత్రాల్లో ఒకే గొంతుతో వినిపిస్తోంది. ఈ కథనాలు ‘సొంతం’ అన్న మాటకు ఇస్తున్న అర్థాన్ని ధర్మవరం, హిందూపురం, పెనుకొండ పట్టణాల వృత్తిజీవితంతో పోల్చి పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం. యువ వ్యాపారి కథలో తెలుగు కథనం విస్మరిస్తున్నది ధైర్యాన్నీ ప్రతిభనూ కాదు, కాలాన్ని అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: స్వయంఉపాధి, చేనేత, ధర్మవరం, పట్టుగూళ్లు, తెలుగు చలనచిత్రం, రాయలసీమ కథ, ముద్ర రుణాలు.

1. ప్రవేశిక:

గుంతకల్లు వైపు నుంచి బెంగళూరుకు పోయే రైలు ధర్మవరం, పెనుకొండ, హిందూపురం పట్టణాలను ఈ వరుసలోనే దాటుతుంది. 2022 ఏప్రిల్ 4న అనంతపురం జిల్లా విడిపోయినప్పుడు మూడూ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాయి. ధర్మవరం పేరు చెబితే పట్టుచీర, హిందూపురం పేరు చెబితే పట్టుగూళ్ల మార్కెట్టు గుర్తుకు వస్తాయి. విజయనగర ప్రభువుల కోటతో ప్రసిద్ధమైన పెనుకొండకు ఇప్పుడు ఎర్రమంచి దగ్గరి కియా కార్ల కర్మాగారం కొత్త గుర్తింపు. ఒక్క పూట ప్రయాణంలో చేతివృత్తి, వ్యవసాయాధారిత వ్యాపారం, బహుళజాతి పరిశ్రమ మూడూ కనిపించే దారి ఇది. సొంత వ్యాపారం అనే భావనను పరీక్షించడానికి ఇంతకంటే అనువైన చోటు రాయలసీమలో అరుదు.

‘స్వతంత్రం’ అనే మాటలోని తంత్ర శబ్దానికి సంస్కృత నిఘంటువులు మగ్గం, పడుగు అనే అర్థాలను కూడా ఇస్తాయి. దీన్ని వ్యుత్పత్తి నిరూపణగా ఇక్కడ తేవడం లేదు. అయితే ధర్మవరంలో నిలబడి ఆలోచించేవారికి ఈ అర్థం ఊరికే పోదు. మగ్గం ఎవరిది, దానిమీది పడుగు ఎవరిది అన్న రెండు ప్రశ్నలకు ఒకే జవాబు వచ్చినవాడే అక్కడ స్వతంత్రుడు. చాలామంది విషయంలో జవాబులు రెండుగా వస్తాయి. ఈ వ్యాసం ఆ రెండు జవాబుల నడుమ ఉన్న ఎడాన్ని గురించినది.

2. తెలుగు కథలో వ్యాపారం:

ఉద్యోగమే గౌరవమని నమ్మిన కుటుంబాల యువకులకు వ్యాపారమార్గాన్ని కథారూపంలో చూపినవారిలో శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి (1891–1961) ముఖ్యులు. ఆయన ‘మార్గదర్శి’ని నేటి పాఠకులు కొందరు వ్యక్తిత్వవికాస రచనగా కూడా చదువుతున్నారు. ఆ చదువులో నష్టం ఒకటి ఉంది. శ్రీపాద ఎదుర్కొన్నది ప్రధానంగా మనసులోని అడ్డంకి. వ్యాపారం తమకు తగదనే కులాభిమానం కలవారికి ఆయన చెబుతున్నారు. ఆ అభిమానం వదిలితే దారి తెరుచుకుంటుందనే విశ్వాసం ఆ కథకు ఆధారం. ఆ సమాజంలో, ఆ కాలంలో అది అవసరమైన మాటే. ధర్మవరంలో నేతకుటుంబపు యువకుడికి ఈ అడ్డంకి లేదు. కొనడం, అమ్మడం, అప్పు తేవడం, తీర్చడం అతడు పుట్టినప్పటినుంచి చూస్తున్నవే. పైగా అక్కడ నేత సంప్రదాయ నేతకులాలకే పరిమితమై కూడా లేదు, ఇతర కులాలవారు ఎందరో నేర్చి మగ్గమెక్కారు. అంటే కులాభిమానం వదులుకోవడమనే పరిష్కారానికి ఇక్కడ పని లేదు.

రాయలసీమ కథకుల దృష్టి మరొకవైపు ఉంది. విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ (1956) మొదలు సింగమనేని నారాయణ, చిలుకూరి దేవపుత్ర, శాంతినారాయణ, బండి నారాయణస్వామి దాకా అనంతపురం ప్రాంత రచయితలు కరువును, సేద్యాన్ని, వలసను, కులాధిపత్యాన్ని, ముఠా రాజకీయాలను లోతుగా రాశారు. ఈ సాహిత్యంలో వ్యాపారి ఎక్కువగా రైతు కళ్లకు కనిపించే మనిషి. అప్పిచ్చేవాడు, ధర కట్టేవాడు, తూకం వేసేవాడు. అంగడి లోపలినుంచి చూసిన ప్రపంచం తక్కువ. ఇరవై మూడేళ్ల యువకుడు బాకీ మీద సరుకు తెచ్చి, బాకీ మీదే అమ్మి, ఆ రెండు బాకీల మధ్య నలిగిపోయే అనుభవం కథావస్తువుగా రావలసినంత రాలేదు. ఇది లోపమని నిందించడం కాదు. కరువు అంత పెద్ద వస్తువైనప్పుడు కలం దాని వెంటే పోతుంది. అయినా సేద్యాన్ని జూదంగా చూడగలిగిన సింగమనేని చూపు పట్టణపు చిన్న అంగడిమీద కూడా పడి ఉంటే మనకు మరో మంచి కథ దక్కేదనిపిస్తుంది.

సాహిత్యం ఖాళీగా విడిచిన ఈ స్థలాన్ని గత దశాబ్దంలో సినిమా ఆక్రమించింది.

3. మూడు చిత్రాలు, ఒకే కాలవ్యవస్థ:

తరుణ్ భాస్కర్ ‘పెళ్లిచూపులు’ (2016), రాజ్ రాచకొండ ‘మల్లేశం’ (2019), వినోద్ అనంతోజు ‘మిడిల్ క్లాస్ మెలొడీస్’ (2020) యువత సొంతపనిని కథాకేంద్రంగా చేసుకున్న చిత్రాలు. మూడూ మర్యాద గల చిత్రాలే. విదేశీ వీధుల్లో ఒక్క పాటతో కోటీశ్వరుడయ్యే పాత కథానాయకుడికి ఇవి దూరంగా జరిగాయి. వంట, నూలు, చట్నీ వంటి చేతిపనిని తెరమీద గౌరవంగా నిలిపాయి.

‘మల్లేశం’ మన పరిశీలనకు దగ్గరిది. ఆరో తరగతితో చదువు ఆపిన చింతకింది మల్లేశం, తల్లి ఆసు పోయడంలో పడే భుజాల నొప్పి చూడలేక ఏళ్లతరబడి శ్రమించి ఆసుయంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. చిత్రం ఈ జీవితాన్ని చాలావరకు అతిశయోక్తి లేకుండా చెప్పింది. కానీ దాన్ని చేనేత అంతటికీ ప్రతినిధికథగా తరగతిగదిలో చూపినప్పుడు జాగ్రత్త అవసరం. ఆసు పోచంపల్లి తరహా చిటికీ నేతకు ప్రాణం. ధర్మవరం పనితనం ప్రధానంగా జకార్డు మీద, జరీ అంచుమీద, కొంగు అల్లికమీద నడుస్తుంది. అక్కడి శారీరక శ్రమ వేరు, దాన్ని తగ్గించే యంత్రం వేరు. అంతకంటే పెద్ద తేడా మరొకటి. మల్లేశం తయారుచేసింది పనిముట్టు. దాన్ని అమ్మవచ్చు, దానికి హక్కు పొందవచ్చు, దానిమీద తన పేరు నిలుస్తుంది. ధర్మవరం యువకుడు తయారుచేసేది చీర. ఎంత గొప్పగా నేసినా చీరమీద నేసినవాడి పేరు ఉండదు. భౌగోళిక గుర్తింపు సైతం ‘ధర్మవరం’ అనే ఊరిపేరుకే దక్కింది. 1999 నాటి చట్టం ప్రకారం ఆ పేరును వాడుకునే ఉత్పత్తిదారు అధీకృత వినియోగదారుగా విడిగా నమోదు కావాలి. అది చేయించుకోవడానికి కాగితం పని తెలిసి ఉండాలి. అది తెలిసినవాడు సాధారణంగా మగ్గం మీద కూర్చునేవాడు కాడు.

‘మిడిల్ క్లాస్ మెలొడీస్’లో ఊళ్లో చిన్న హోటలు నడిపే కుటుంబపు యువకుడు గుంటూరులో హోటలు పెట్టి తన బొంబాయి చట్నీతో పేరు తెచ్చుకోవాలనుకుంటాడు. తండ్రి కోపం, అద్దెగది, తొలిరోజుల్లో రాని గిరాకీ అన్నీ నమ్మించే తీరులో ఉన్నాయి. తండ్రి పాత్రలో గోపరాజు రమణ చూపిన చిరాకు తెలుగు తెరకు కొత్త. ఆ చిరాకులో డబ్బు లెక్క ఉంది. కొడుకు ఓడిపోతే పోయేది కొడుకు పరువు కాదని, ఇంటి నిలవనీరని ఆయనకు తెలుసు. ఈ చిత్రం మిగిలినవాటికంటే ఒక మెట్టు పైన నిలవడానికి కారణం ఆ తండ్రే.

‘పెళ్లిచూపులు’లో చొరవ అమ్మాయిది. ఫుడ్ ట్రక్ ఆలోచన, లెక్క, పట్టుదల చిత్రవి. వంట చేయి ప్రశాంత్‌ది. ఇంట్లో ఆడదానిది, బజారులో మగవాడిది అని మనం వేసుకున్న విభజనను తిరగవేసిన ఈ ఏర్పాటు గురించి రావలసినంత విమర్శ రాలేదు. జాతీయ పురస్కారం వచ్చిన చిత్రంగానే దాన్ని ఎక్కువగా తలచుకున్నాం.

మూడింటికీ ఉమ్మడిగా ఉన్న అలవాటు కాలాన్ని కుదించడం. యువ వ్యాపారి జీవితంలో అతి బరువైన భాగం ఎదురుచూపు. సరుకు తయారై అమ్ముడుపోని రోజులు, అమ్ముడుపోయి డబ్బు రాని రోజులు. సినిమా ఈ భాగాన్ని నేపథ్యగీతంలో దృశ్యమాలికగా దాటిస్తుంది. ప్రేక్షకుడు నాలుగు నిమిషాలు వింటాడు, నాయకుడు గట్టెక్కుతాడు. ఇది ఆ మాధ్యమపు సౌకర్యం మాత్రమే అనుకుని వదలవచ్చు. కానీ వదిలితే ఒక భావన కూడా దానితోపాటే ఊరుకుంటుంది: ఎదురుచూపు అందరికీ సమానమే, ఓపిక ఉంటే చాలు అనే భావన. ఓపిక గుణమని కథ చెబుతుంది. మూడు పట్టణాల వ్యవహారం చూస్తే ఓపిక ఆస్తి.

4. ఆగగలిగే శక్తి:

హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టు ఈ మాటకు స్పష్టమైన నిదర్శనం. పట్టుపురుగు పెంపకం చాకీ దశనుంచి గూడు దాకా సుమారు నెలరోజుల పని. చాకీ పెంపకకేంద్రం పెట్టి తొలి రెండు దశల పురుగులను రైతులకు అమ్మడం యువతకు అందుబాటులో ఉన్న చిన్న వ్యాపారాల్లో ఒకటి. కిరికెరలోని రాష్ట్ర పట్టుపరిశ్రమ పరిశోధనాభివృద్ధి సంస్థ ఆ ఊరి పక్కనే ఉంది. నేర్చుకోవడానికి అవకాశం లేదనలేం. చిక్కు గూడు పూర్తయ్యాక మొదలవుతుంది. లోపలి ప్యూపా కొన్నాళ్లలో చిలుకగా మారి గూటిని తొలుచుకుని బయటికి వస్తుంది. తొలిచిన గూటినుంచి అఖండమైన దారం తీయలేరు. కాబట్టి రైతు ఆ కొద్దిరోజుల్లోనే, ఆనాటి వేలంలో పలికిన ధరకే అమ్మితీరాలి. కొన్న రీలరు గూళ్లను వేడికి గురిచేసి ప్యూపాను చంపి, ఆరబెట్టి, తనకు అనువైనప్పుడు దారం తీసుకోవచ్చు. ఒకే వస్తువు ఒక చేతిలో పరుగెత్తుతుంది, మరో చేతిలో నిలుస్తుంది. లాభం నిలిపినవాడి వైపు జరగడానికి మోసమేమీ అక్కర్లేదు.

అదే పట్టు ధర్మవరం చేరాక ఇదే సంబంధం మరో రూపంలో తిరిగి వస్తుంది. మాస్టర్ వీవరు పడుగు, పేక, జరీ ఇస్తాడు. నేతగాడు నేసి ఇచ్చి కూలి పుచ్చుకుంటాడు. మొదట్లో తీసుకున్న అడ్వాన్సు వారి మధ్య నిలుస్తుంది. పెళ్లికో, వైద్యానికో అది పెరుగుతుంది. సొంతంగా నేయాలని నిర్ణయించుకున్న యువకుడు మొదట ఆ అడ్వాన్సు తీర్చాలి, తర్వాత ముడిపట్టు, జరీ తన డబ్బుతో కొనాలి, నేసిన చీరకు కొనేవాణ్ణి తానే వెదకాలి. ఇంతవరకు ధైర్యంతో దాటవచ్చు. ఆ తరువాత పంచాంగం అడ్డొస్తుంది. పట్టుచీర ముహూర్తాలను బట్టి అమ్ముడుపోయే వస్తువు. శ్రావణానికి, పెళ్లిళ్లకు గిరాకీ. ఆషాఢంలో, మూఢాల్లో బేరం మందగిస్తుంది. ఆషాఢంలో నేసిన చీరను శ్రావణం దాకా బీరువాలో ఉంచగలిగినవాడు దాని ధర పొందుతాడు. వారం తిరిగేసరికి తర్వాతి పడుగుకు డబ్బు కావలసినవాడు వచ్చిన ధరకు వదులుకుంటాడు. నేతలో ఇద్దరూ సమానులే కావచ్చు.

బ్యాంకు వాయిదా మాత్రం నెలనెలా వస్తుంది. దానికి ఆషాఢం లేదు.

దీనికి తోడు మరమగ్గం. అంచు గల చీర వంటి రకాలను చేనేతకే కేటాయిస్తూ 1985లోనే చట్టం వచ్చింది. ఇప్పుడు ఆ జాబితాలో 11 రకాలున్నాయి. అయినా ఫోనులో పంపే ఫొటో చూసి చేతినేతను మరనేతనుంచి వేరుచేయడం కొనేవారిలో ఎందరికి సాధ్యం? వాట్సాప్ మీద నేరుగా అమ్ముకుంటే దళారీ తప్పుతాడన్న సలహా యువతకు తరచుగా వినిపిస్తుంది. సలహా మంచిదే. కానీ చేతినేతకు ఎక్కువ ధర అడగడానికి ఆధారం దాని స్పర్శ, బరువు, వెనకవైపు పోగు. ఫొటో తొలగించేది సరిగ్గా ఆ మూడింటినే.

5. పథకాల భాష:

ప్రభుత్వ పథకపత్రాలను సాహిత్యవిమర్శకులు పాఠాలుగా చదవరు. చదవాలి. 2015 ఏప్రిల్ 8న మొదలైన ప్రధానమంత్రి ముద్ర యోజన రుణాలకు శిశు, కిశోర, తరుణ్ అనే పేర్లు పెట్టింది. 50 వేల వరకు శిశు, 5 లక్షల వరకు కిశోర, 10 లక్షల వరకు తరుణ్. 2024 బడ్జెట్టు తరువాత 20 లక్షల వరకు తరుణ్ ప్లస్ వచ్చింది. పేర్లు ముద్దుగా ఉన్నాయి. కానీ రూపకం చేసే పని గమనించాలి. శిశువు కిశోరుడవడం ప్రకృతి ధర్మం, దానికి ఆహారం, కాలం చాలు. రుణాన్ని వయసుతో పోల్చిన క్షణంలో వ్యాపారం పెరగడం సహజం, పెరగకపోవడం వైకల్యం అనే అర్థం దానంతటదే చేరుతుంది. ఒక మగ్గం, ఒక కుటుంబం, ఏడాదికి కొన్ని మంచి చీరలు అనే స్థాయిలో గౌరవంగా నిలిచిపోవాలనుకునే నేతగాడికి ఈ పదజాలంలో చోటు లేదు. అతడు ఎన్నేళ్లకూ శిశువే.

2019 డిసెంబరు 21న ధర్మవరంలోనే అప్పటి రాష్ట్రప్రభుత్వం ప్రారంభించిన వైఎస్ఆర్ నేతన్న నేస్తం మరో రకంగా ఆసక్తికరం. సొంతమగ్గం గల నేతకుటుంబానికి అప్పట్లో ఏటా 24 వేల రూపాయలు ఇచ్చేవారు. ఆ డబ్బు అందుకున్న ఇంటికి దాని విలువ తెలుసు, దాన్ని తక్కువచేయడం ఇక్కడ ఉద్దేశం కాదు. పరిశీలించవలసింది ‘సొంతమగ్గం’ అనే అర్హతాపదాన్ని. మగ్గం సొంతమై పడుగు షావుకారుదైనవాడు ఈ నిర్వచనంలో స్వయంఉపాధి గలవాడు. వృత్తిలో అతడు కూలి. షావుకారు షెడ్డులో, షావుకారు మగ్గం మీద నేసేవాడికి నిర్వచనం అందదు. ఇద్దరూ అదే కూలికి అదే చీర నేస్తూ ఉండవచ్చు. కొయ్యచట్రం ఎవరి ఇంట్లో ఉందన్నదే వారిని వేరుచేసింది. స్వాతంత్ర్యాన్ని పనిముట్టు యాజమాన్యంతో కొలిచే ఈ పద్ధతి, మల్లేశం కథను ప్రతినిధికథగా స్వీకరించిన మన తరగతిగది పద్ధతికి బంధువే. రెండూ యంత్రాన్ని చూస్తాయి, పడుగును చూడవు.

6. పెనుకొండ:

కియా సంస్థతో 2017 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరింది. గొల్లపల్లి జలాశయం నీటితో, ఏటా 3 లక్షల కార్ల సామర్థ్యంతో నిలిచిన కర్మాగారం 2019లో ఉత్పత్తి ప్రారంభించింది. దాని చుట్టూ అనుబంధ పరిశ్రమలు, వాటి చుట్టూ అద్దె ఇళ్లు, మెస్సులు, కార్మికులను తరలించే వాహనాలు పుట్టాయి. పెనుకొండ యువకుడు సొంత వ్యాపారం అన్నప్పుడు తరచుగా ఈ మూడో వలయంలోని పనినే సూచిస్తాడు. ఇందులో అవమానమేమీ లేదు. అయితే ఇతని ‘సొంతం’ కూడా మరొకరి కాలంలో నడిచేదే. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం చిన్న సరఫరాదారుకు గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు చెల్లించాలని కొనేవాణ్ణి ఆదేశిస్తుంది. ఎదురుచూపును చట్టం లెక్కించడమే విశేషం. మన కథలు, సినిమాలు, స్ఫూర్తిప్రసంగాలు చేయనిది చట్టం చేసింది. డ్రైవరు జీతం, డీజిలు ఖర్చు మాత్రం 45 రోజులు ఆగవు. గడువు దాటితే వడ్డీ అడిగే హక్కు చిన్న సరఫరాదారుకు ఉంది. రేపటి పని కూడా ఆ కొనేవాడి దగ్గరే దొరకవలసినవాడు ఆ హక్కును ఏ ముఖంతో వాడుకుంటాడన్నది వేరే ప్రశ్న.

7. చదవవలసిన మరో పాఠం:

వ్యవస్థాపకత ఇప్పుడు డిగ్రీస్థాయి పాఠ్యాంశం. దాన్ని బోధించే అధ్యాపకులు విజేతల జీవితకథలను ఉదాహరణలుగా ఇస్తున్నారు. పరిశోధకులు కూడా అవే ఏరుకుంటున్నారు, దొరికేవి అవే గనుక. ఓడిపోయినవాడు జీవితచరిత్ర రాసుకోడు. తల్లి గొలుసు తాకట్టుపెట్టి ఇద్దరు స్నేహితులతో చీరల అంగడి తెరిచి రెండో ఆషాఢానికి మూసివేసిన యువకుడు మన తరగతిలోనే విద్యార్థిగా ఉండి ఉంటాడు. అతనికి మనం ధైర్యం చెప్పాం, పంచాంగం చెప్పలేదు.

అతని కథ రాసి లేదనడం పూర్తిగా సరికాదు. అది షావుకారు ఖాతాపుస్తకంలో ఉంది. తేదీ, అడ్వాన్సు, ఇచ్చిన పట్టు బరువు, జరీ, వచ్చిన చీర, కోసిన కూలి, మిగిలిన బాకీ. అయ్యలరాజు నారాయణామాత్యుని ‘హంసవింశతి’లోని వృత్తివర్ణనలనుంచి సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు సామగ్రి తీసుకోగలిగారు. కావ్యాన్ని లెక్కపుస్తకంలా చదివిన సంప్రదాయం మనకుంది, లెక్కపుస్తకాన్ని కథలా చదివే పని మిగిలింది. పేర్లు తొలగించి, యజమాని అనుమతితో, ఒక్క మగ్గపు పదేళ్ల పద్దును వరుసగా చదివిన సిద్ధాంతవ్యాసం వస్తే, ఆ ఇంట్లో ఏ నెలలో ఏం జరిగిందో నవల కంటే వివరంగా తెలుస్తుంది.

ఆ పుస్తకంలోనూ కనబడని పని ఒకటుంది. కండెలు చుట్టడం, పాత పడుగు చివరలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా అతకడం చాలా ఇళ్లలో ఆడవారు చేస్తారు. పద్దు మగవాడి పేరున ఉంటుంది, కూలి చీరకు కడతారు, కండెకు విడిగా గడి ఉండదు. ‘మల్లేశం’లో తల్లి నొప్పి కొడుకు ఆవిష్కరణకు కారణమైంది. ‘పెళ్లిచూపులు’లో చిత్ర లెక్క తానే వేసుకుంది. ధర్మవరంలో ఇరవయ్యేళ్ల నేతింటి అమ్మాయి తన కండెల లెక్కను తానే రాసుకుని, దానితో బ్యాంకు మెట్లెక్కి రుణం అడిగే కథ తెలుగులో ఇంకా ఎవరో రాయవలసి ఉంది. ఆ దరఖాస్తులో సొంతమగ్గం ఉందా అనే గడి దగ్గర ఆమె ఏమని రాయాలో కూడా.